ఎనిమిది చుట్లు

నరసాపురం రేవు వెనక పాతసామాన్ల కొట్టులో
కిలో ముప్ఫై నాలుగు చొప్పున కొన్నాను దీన్ని.
తుప్పుకీ డబ్బులిచ్చాను,
లోపల గడ్డకట్టిన ఒండ్రుకీ ఇచ్చాను.
పంటు మీద వశిష్ట దాటుతుంటే
చేపల బుట్టావిడ అడిగింది:
"ఏంటి బాబూ అది, నత్తగుల్లా?"
నత్తగుల్లే.
ఇనప నత్త, పక్కన ఓ పిడి.
కొలిమికి ఊపిరి పోసే చేతిపంకా.

పడవ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి,
ఉప్పుగాలి ఏం చేస్తుందో నాకు తెలుసు.
ముందు మెరుపు తింటుంది, తర్వాత మర,
ఆఖర్న బోల్టేదో నట్టేదో తెలీకుండా
రెంటికీ ముడేసి కూచోబెడుతుంది.

మొదటిరోజు పిడి పట్టి లాగాను.
నా భుజం కదిలింది.
సుత్తి తీశాను, మళ్ళీ పెట్టేశాను.
పోత ఇనుముది పౌరుషం,
దెబ్బకి లొంగదు, విరుగుతుంది.

కిరసనాయిలు ఇప్పుడెవరిస్తారు?
డీజిలూ పాత గేరాయిలూ కలిపి తొట్టిలో ముంచాను.
పదకొండు రోజులు.
పొద్దున్నే టీ తాగి ఒక పలకరింపు,
చెక్కసుత్తితో,
నిద్రపోయేవాడి భుజం తట్టినట్టు.
బోల్టు చుట్టూ బ్లోలాంపుతో కాక పెట్టి
కొవ్వొత్తి ఆనిస్తే
మైనం సందులోకి జారుకుంది,
చడీచప్పుడు లేకుండా.
పన్నెండోనాడు టిక్కుమంది.
అంతే. వెంట్రుకవాసి.
ఆ పూట ఇంక ముట్టుకోలేదు, భయమేసి.

మూత విప్పితే
రెక్కల మధ్య మట్టిగదులు:
కమ్మరి సామానులో కుమ్మరిపురుగు కాపురం!
గేరు పళ్ళ సందుల్లో
ఎనభయ్యారు వరద ఇంకా తీయలేదు.
పళ్ళుతోముకునే బ్రష్షుతో ఆ పళ్ళే తోమాను.
బేరింగులో రెండు గుండ్లు తక్కువ,
సైకిల్ షాపు ఏసుపాదం ఇచ్చాడు,
డబ్బులిస్తే తిట్టాడు.

పెట్టె మీద మసి గీకితే
ఉలితో కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి:
కొమ్మోజు గవర్రాజు, అంతర్వేదిపాలెం.

గవర్రాజు లేడు.
నూకరత్నం గారున్నారు, ఆయన భార్య,
అరుగు మీద బియ్యంలో రాళ్ళేరుతూ.
స్కూటర్ మీంచి దించి ముందు పెట్టాను.
పేరు వైపు చూడనేలేదావిడ.
చింతచేవ పిడి నడుమ
అరిగి సన్నబడ్డచోట నాలుగువేళ్ళూ పెట్టింది,
సరిపోయాయి.
"పేరాయనది. ఈ అరుగుదల నాది.
ముప్ఫయ్యేళ్ళు తిప్పాను,
కడుపుతో ఉన్నప్పుడు కూడా."

నేను తిప్పి చూపించబోయాను.
"అటు కాదు బాబూ, ఎడమకి.
అటు తిప్పితే నిప్పు బెంగెట్టుకుంటది."
తనే తిప్పింది, నాలుగు విసురులు,
చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకుంది.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగోది సగంలో ఆగిపోయింది.
"ఎనిమిది తిరగాలి" అంది.
"ఎందుకండీ ఎనిమిదే?"
"ఆయన పట్టకారు కింద పెట్టి
సుత్తి అందుకునేంతసేపు అది.
అప్పుడే నేను కొంగుతో
మొహం తుడుచుకునేదాన్ని."

ఇంటికి తెచ్చి మళ్ళీ విప్పాను.
వాషరొకటి ఆకురాయితో పల్చన చేశాను,
ఇరుసు చివర మిగిలిన తుప్పు
గోటితో గీకాను.
ఇప్పుడు ఆరు తిరుగుతోంది.
ఒక్కోసారి ఆరున్నర.
మిగతా చుట్టున్నర ఎక్కడ ఇరుక్కుందో,
రాత్రి పడుకున్నా చెవిలో అదే లెక్క.

ఒలుపు గునపాలు మొన తిరిగినవాళ్ళు
అప్పుడే ఇద్దరు వచ్చి అడిగారు.
కొబ్బరిచిప్పల బొగ్గు బస్తా
గుమ్మం పక్కన తయారుగా ఉంది.
వెలిగించలేదు.
ఆవిడ మొహం తుడుచుకోడానికి
ఇంకా చుట్టున్నర బాకీ.