ఇరవై నాలుగో సూది

గలీసియా తీరం, గురువారం, సాయంత్రం ఆరు.
పాత చేపల వేలం హాలు తాళం నా దగ్గరే ఉంటుంది.
గచ్చు ఎన్నిసార్లు కడిగినా
అట్లాంటిక్ మీంచి వాన పట్టగానే
సార్డీన్ల వాసన లేచి కూర్చుంటుంది.
దాని పక్కనే మేమూ కూర్చుని
చిరిగినవి ముందేసుకుంటాం.

డబ్బా మూత తీసి లెక్కపెడతాను.
సూదులు ఇరవై నాలుగు.
సొట్టపడ్డ అంగుస్తానాలు మూడు.
ఎర్ర పీలిక కట్టిన కత్తెర:
గుడ్డకి తప్ప దేనికీ వాడొద్దని దానర్థం.
పోయినవారం షుర్షో దాంతో బిస్కెట్ ప్యాకెట్ కోశాడు.
ఇప్పుడది గుడ్డని కోయదు, నములుతుంది.
రఫ్ఫు చేసే చెక్క పుట్టగొడుగు ఒక్కటే ఉంది,
ముందొచ్చినవాళ్ళకే అది.
మిగతావాళ్ళకి మాడిపోయిన బల్బులు, నిమ్మకాయలు.

ఎలాదియో ఊరికి కొత్త కాదు,
సూదికి కొత్త.
ఐర్లాండు దక్షిణాన ముప్పై ఏళ్ళు
మోకులు లాగి లాగి బండబారిన వేళ్ళు
ఇంత బెజ్జం ముందు వణుకుతున్నాయి.
దారం కొస నోట్లో తడిపి, ఒక కన్ను మూసి,
"దీనికన్నా తుఫానులో
పడవని రేవులోకి దూర్చడం నయం" అన్నాడు.

నీలం స్వెట్టరు.
మోచేతి దగ్గర కోడిగుడ్డంత కన్నం.
ముందు పడుగు, తర్వాత పేక,
ఒక పోగు మీంచి, ఒక పోగు కిందనుంచి,
అని చూపించాను.
అంతా తెలిసినట్టే తలూపి
రెండంచులూ కలిపి బిగించి లాగాడు.
కన్నం మూసుకుంది.
చెయ్యంతా ఎండుమిరపకాయలా ముడుచుకుపోయింది.

కిటికీ పక్కన రెమెదియోస్.
కుట్టడానికి రాదు, ఇక్కడ హీటరుందని వస్తుంది.
నలభై రెండేళ్ళు గట్టుమీద కూర్చుని వలలు బాగుచేసింది.
మోకాళ్ళు అక్కడే వదిలేసి వచ్చానంటుంది.
కాస్త నేర్పవమ్మా అంటే
"ఊరికే చేసిన పని ఈ జన్మకి చాలు" అంటుంది.

ఆవేళ లేచింది.
కుర్చీ కీచుమన్న చప్పుడుకి అందరం తలెత్తాం.
స్వెట్టరు లాక్కుని
అతను గంటసేపు కుట్టిందంతా
నాలుగు గుంజుల్లో విప్పేసింది.

"దగ్గరికి లాగకు.
ఎంత వెడల్పు చిరిగిందో అంతా ఉండనీ.
ఆ ఖాళీ మీదే నెయ్యి."

"వలకీ ఇంతేనా?" షుర్షో అడిగాడు.

"వల వేరు నాయనా.
అక్కడ మేం కన్నాలనే బాగుచేస్తాం.
ఒక పెద్ద కన్నం పీకేసి
పద్దెనిమిది చిన్న కన్నాలు పెట్టి
కూలి అడుగుతాం."

నవ్వుల మధ్య ఎలాదియో ఒక్కడే నవ్వలేదు.
ఆమె వేళ్ళనే చూస్తున్నాడు.
"ఆకుపచ్చ తాడు, రెండుచుట్ల ముడి.
అవి నువ్వు వేసినవేనా?"
"నావే."
"నీ ముడి ఒక్కసారీ తెగలేదు.
ఎప్పుడూ దాని పక్క కన్నే తెగేది."

హీటరు టిక్కుమంది.
రెమెదియోస్ కాసేపు పోగు మెలిపెడుతూ ఊరుకుంది.
"అయితే తప్పు నాదే.
పాత తాడుకన్నా గట్టి ముడి వేశానన్నమాట.
నలభై ఏళ్ళకా తెచ్చేది ఫిర్యాదు?"
"ఫిర్యాదు కాదు" అన్నాడతను.
మరేమిటో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.
నీలం ఉన్ని అయిపోయిందని
ఆవపిండి రంగుది వెతికి
మెత్తగా ఉందో లేదో చెంపకి రాసి చూసి
అతని ఒళ్ళో పడేసింది.

ఎనిమిదిన్నర.
నిమ్మకాయలు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళారు.
డబ్బాలో సూదులు ఇరవై మూడు.
అయస్కాంతం గచ్చంతా దొర్లించాను,
తుప్పుపట్టిన చేపల తక్కెడ కింద కూడా.
రెండు పొలుసులు, ఒక గుండీ.

కిటికీలోంచి చూస్తే
వీధిదీపం కింద ఎలాదియో, సగం నేసిన మోచెయ్యి,
అందులో సన్నటి మెరుపు,
గాలికి కొట్టుకుంటున్న పసుపు దారం తోక.

పిలవొచ్చు. పిలవలేదు.
పుస్తకం తీసి రాసుకున్నాను:
సూదులు ఇరవై మూడు.
ఒకటి పనిలో ఉంది.