పాత అతుకు

అట్‌బాషీలో ఫిబ్రవరి.
ఎక్స్‌రే గది తలుపు కింద దుప్పటి కుక్కినా
చలి లోపలికి రావడం మానదు.
యంత్రం వేడెక్కేదాకా
దాని పక్కనే నిలబడి నేనూ చేతులు రుద్దుకుంటాను.

బుబుసారా అవ్వను ముగ్గురు తీసుకొచ్చారు.
ఒకరు చాలు. మిగతా ఇద్దరూ పొయ్యి కోసం వచ్చారు.
పంపు దగ్గర మంచు మీద జారిందట,
కుడిచెయ్యి ఆనించిందట.
ఎడంచేతిలో బకెట్టు మాత్రం ఒలకలేదని
రెండుసార్లు చెప్పింది.

మణికట్టు చూడగానే తెలిసిపోయింది,
బోర్లించిన గరిటెలా వంగి ఉంది.
ఈమాత్రానికి ఫొటో ఎందుకని గొణిగాడు కొడుకు.
"ఎన్ని ముక్కలైందో, కీలులోకి పాకిందో లేదో
వేళ్ళు చెప్పవు" అన్నాను.
ఆ మాట అతనితో అన్నది కాదు.
పాత తగాదా ఒకటి, నోట్లోనే ఉంటుంది నాకు.

ఉంగరం వాపులో కూరుకుపోయింది.
సబ్బు రాసి, ఊదుతూ, తిప్పుతూ తీశాం.
చెయ్యి బల్లమీద పరిచి
"కదలకు అవ్వా" అని
సీసపు తెర వెనక్కి పోయి మీట నొక్కాను.
టక్.
అంతే.

కొత్త విరుగు అనుకున్నచోటే ఉంది,
మణికట్టుకు అంగుళం పైన,
ముక్క వెనక్కి తోసుకుపోయి.
కీలు దాకా పోలేదు, అదృష్టం.
ఎముక అంచులు మాత్రం
చెదలు తిన్న పుస్తకంలా పలచబడ్డాయి:
డెబ్భై ఎనిమిదేళ్ళు, ఆరు కాన్పులు,
సూర్యుడు మొహం చూపించని చలికాలాలు.

చిన్న ప్లేటు పోయిన ఆకురాలు కాలం నుంచీ పనిచెయ్యట్లేదు.
పెద్దదే వాడాను. అందుకని మోచేతిదాకా పడింది,
లేకపోతే చూసేదాన్నే కాదు.
ముంజేతి నడుమ, రెండెముకల మీదా
తెల్లటి ఉబ్బు.
కొమ్మకు తాడు కట్టి మర్చిపోతే
ఏళ్ళ తర్వాత బెరడు దాన్ని మింగినచోట
ఎలా ఉంటుందో, అలా.

"ఇదెప్పటిది అవ్వా?"
"ఏది?"
తెర తనవైపు తిప్పాను.
నరం లేని నాలుక ఎన్నైనా అంటుంది,
ఎముకకు ఆ నాలుకే లేదు.
చాలాసేపు చూసి,
"బూడిదరంగు గుర్రం" అంది,
ఎవరో చుట్టం పేరు చెప్పినట్టు.

"తొమ్మిదేళ్ళప్పుడు. వేసవి మేత కొండల్లో.
బండి రాదు, డాక్టరు లేడు.
ఎసెన్‌కుల్ అని ఎముకలు కట్టేవాడు ఉండేవాడు.
కళ్ళు మూసుకుని తడిమేవాడు.
కొరడా పిడి నా పళ్ళ మధ్య పెట్టి
మేక తుమ్మినట్టు తుమ్మి చూపించాడు.
నేను నవ్వుతుంటే లాగేశాడు."

ఎసెన్‌కుల్ మా తాత.

నర్యన్ కాలేజీలో చేరిన ఏడు ఆయనతో అన్నాను:
"చూడకుండా కడతావు.
ఎన్ని చేతులు వంకరపోయాయో నీకేం తెలుసు?"
టీ గిన్నె కింద పెట్టి
"తెలీదు" అన్నాడు.
కోపం లేదు. నిజంగానే తెలీదు ఆయనకు.
ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటే ఉంది,
టోపీ నీడలో మొహం కనపడదు.

కొలబద్ద తీసి కోణం కొలిచాను.
ఆ పాతదాని కొలత ఎవరూ అడగలేదు.
ఐదు డిగ్రీలు.
వంకరే, తాతా.

"పిండి పిసికేటప్పుడు అరచెయ్యి పూర్తిగా తిరగదు,
మొండిది" అంది అవ్వ.
"అయినా ఆరుగురినీ ఇదే ఎత్తింది."

రిపోర్టు రాశాను:
మణికట్టు పైన కొత్త విరుగు. ఎముకలో సాంద్రత తక్కువ.
ముంజేతిలో పాత విరుగు, బాగా అతికింది.
'బాగా' కొట్టేశాను.
ఐదు డిగ్రీలు ఐదు డిగ్రీలే.

మిర్లాన్ డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి
మోచెయ్యి పట్టుకోమన్నాడు.
పట్టుకున్నాను. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని
బొటనవేలితో వెతికాను.
దొరికింది, చర్మం కింద, గోరంత ఎత్తు.

అవ్వ నావైపు చూసింది.
"ఏయ్, లాగేముందు
నవ్వించాలి" అంది.

మాకిద్దరికీ
మేకలా తుమ్మడం రాదు.