ఎర్రదుమ్ము

నాలుగు సీట్ల విమానం.
ముందు సీట్ల రాజలింగు,
ముప్పై ఏండ్లు బోర్లు ఏసినోడు,
బెల్టు రెండుసార్లు గుంజి చూసుకున్నడు.

ఆదిలాబాద్ దాటంగనే గుట్టలు,
నెత్తులు చెక్కేసినట్టు, మెట్లుమెట్లుగ.
"ఇదంతా ఒకప్పుడు పారిన నిప్పు"
అన్నది పైలెట్ పిల్ల.

"ఎరికే.
ఎనభై ఫీట్లు నల్లరాయి, గజమంత ఎర్రదుమ్ము,
మళ్ల నల్లరాయి.
నిప్పు ఆగి ఆగి పారింది బిడ్డా.
ఆగిన కాడనే నీళ్లు."

రెక్క ఒరిగింది.
పత్తిచేన్ల మీద ఈగంత మా నీడ
గుట్టెక్కి దిగింది.

అద్దానికి నొసలు ఆనించి
ఇచ్చోడ దిక్కు దేనికోసమో దేవులాడుతున్నడు.
"గా మోదుగుల పక్క చేను.
నాలుగొందల ఫీట్లు. దుమ్మే లేచింది.
పైసలైతే తీసుకున్న."

ఏం వినబడ్డదో ఆ మోతల,
పిల్ల అటే ఇంకో చుట్టు తిప్పింది.