రుసుము

హొనియారా నుంచి రెండు గంటల పడవ.
దిగగానే మోకాళ్ళ దాకా నీళ్ళు.
ఒడ్డున సీమపనస నీడలో
ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని డోరీన్ కెలేసి
నోటుపుస్తకంలో మా పేర్లు రాసుకుంది.
విమానానికి యాభై డాలర్లు,
ట్యాంకుకి ముప్పై,
ఫొటోలకు విడిగా.
"సొరంగంలోకి మాత్రం రానివ్వను.
అక్కడ కోడి పొదుగుతోంది."

దారి ఆమె దొడ్లోంచే.
పందుల చుట్టూ దడి, చిల్లుల ఇనుప పలకలతో.
వాటిని బురద మీద పరిచి
ఒకప్పుడు రన్‌వే వేశారట.
ఇప్పుడు చిల్లుకొక ముట్టె
మా చేతుల వాసన చూస్తోంది.

విమానం
జ్వరమొచ్చిన పిల్లాడిలా బోర్లా పడుకుని ఉంది.
ముక్కు మట్టిలో.
గడియారమంత అద్దం వెనక
ఏదో అంకె మీద ఆగిన ముల్లు,
దాని పక్కనే కందిరీగల గూడు.
రెక్క మీద నక్షత్రం ఉండేదో సూర్యుడుండేదో
వానలు కడిగేశాయి.
అక్కడ బడిపిల్లల నీలం లంగాలు రెండు,
దిండు గలీబులు నాలుగు ఆరేసి ఉన్నాయి.

ఇది ఎవరిదని అడిగాను.
"మాది," అంది.

తాత సంగతి అడక్కుండానే చెప్పింది.
సైన్యానికి పెట్టెలు మోశాడు, రోజుకో షిల్లింగు.
లోపలేముందో ఎవరూ చెప్పలేదు,
బరువు మాత్రం వీపుకి తెలిసేది.
అంతా వెళ్ళిపోయాక
ఈ రెక్క అంచు కోసి, రాతి మీద అరగదీసి
నాయనమ్మకి దువ్వెన చేశాడు.
డోరీన్ జుట్టులోంచి తీసి చూపించింది.
పది పళ్ళలో ఒకటి లేదు.
"మూడు తరాల పేలు చూసిందిది,"
అని నవ్వి మళ్ళీ కొప్పులో దోపుకుంది.

నవ్వు ఆపకుండానే చిన్నాన్న దగ్గరికి వచ్చింది.
ఆదివారం, చర్చి అయ్యాక
కొత్తగా చదును చేసిన చోట
రాళ్ళు కాల్చి, అరిటాకుల్లో చేమదుంపలు కప్పాడు.
ఆ నేల కింద
ఇంకొకటి కూడా వేడెక్కుతోందని ఎవరికి తెలుసు.
యుద్ధం అయిపోయిందని రేడియోలో చెప్పి
యాభై ఏళ్ళయింది.
దానికి రేడియో లేదు.

అప్పట్నుంచి కొత్త చోట పొయ్యి పెట్టాలంటే
ముందు ఊరికే మంటేసి
పిల్లల్ని, కుక్కని తీసుకుని
వాగు అవతలికి పోయి కూర్చుంటారు.
ఎంతసేపు?
"ఆకలయ్యేదాకా."

చేమతోటలో ఒక మూల గడ్డి ఏపుగా ఉంది.
నాయనమ్మ అక్కడ గునపం వెయ్యనిచ్చేది కాదు.
ఎందుకో చెప్పకుండానే పోయింది.
కిందటేడు నీగాతా నుంచి ఒక ముసలాయన వచ్చాడు.
తండ్రి ముఖం ఫొటోలో తప్ప ఎరగడట.
అతన్ని ఆ మూలకి తీసుకెళ్ళానంది,
ఎందుకు తీసుకెళ్ళిందో తనకీ తెలియదు.
చేతులతోనే తవ్వాడు.
ఒక గుండీ దొరికింది, ఒక చెప్పు అడుగు,
ఇంకా కొన్ని.
ఆయన తండ్రివే అని ఎవరంటారు?
కాదని మాత్రం ఎవరంటారు?
సీసాలో నీళ్ళన్నీ ఆ గుంటలో పోశాడు,
దాహంతో ఉన్నవాడికి పోసినట్టు
కొంచెం కొంచెంగా.
లేచి ఆమెకి నడుం వంచి నమస్కరించాడు.
ఏం చెయ్యాలో తోచక
తానూ వంగింది. దువ్వెన జారి మట్టిలో పడింది.

పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పి చూశాను.
ఆయన పేరుంది, తేదీ ఉంది,
డాలర్లు రాసే గడిలో ఏమీ లేదు.
ఆ కింది వరసలోనే
ఎవరో ఆస్ట్రేలియా దంపతులు,
విమానం, ట్యాంకు, ఫొటోలు, మొత్తం కట్టారు.

రేవు దగ్గర సగం మునిగిన ఉక్కు పడవ.
దాని తలుపు మీంచి పిల్లలు
కేకలేసుకుంటూ నీళ్ళలోకి దూకుతున్నారు,
ఎక్కి మళ్ళీ దూకుతున్నారు.
ఆ తలుపు తెరుచుకున్న రోజు
అందులోంచి దూకినవాళ్ళ వయసు అడగబోయాను.
అంతలో చినుకులు.

డోరీన్ కుర్చీ వదిలేసి పరుగెత్తింది,
వెనక నేనూ.
లంగాలు తాను లాక్కుని
దిండు గలీబులు నా చేతుల్లో కుక్కింది.
పొద్దుట్నుంచీ ఎండలో కాగిన రెక్క
వాటిలో ఇంకా వెచ్చగా ఉంది.