ఎడమ మెలిక

వెనక ఎడమ తలుపు లోపలినుంచి రాదు.
పిడి తిప్పితే తిరుగుతుంది,
పంచాయితీలో తలూపే పెద్దమనిషి లాగా.
పని మాత్రం జరగదు.

అమ్మేటప్పుడే చెప్పినాడు మొదలారి మనవడు:
"అది అంతేనండీ, నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ అంతే."
అరవై తొమ్మిది మోడలు అంబాసిడరు.
చిత్తూరు బెల్లం మండీకి ముప్పై ఏళ్ళు
లెక్కల పుస్తకాలు మోసిన బండి.
ఎండలో నిలబెడితే ఇప్పటికీ
సీటు కిందినుంచి పాకం వాసన లేస్తుంది.
చీమలు ఇంకా ఆశ వదులుకోలేదు.

నాలుగేళ్ళు నేనూ అంతే అనుకున్నాను.
దిగాల్సినవాళ్ళు అద్దం దించి
చెయ్యి బయటికి చాపి
బయటి బొత్తాం నొక్కుకునేవాళ్ళు.
మా అక్కయితే కదలదు.
నేను చుట్టూ తిరిగొచ్చి తీసేదాకా
కలెక్టరమ్మ లాగా కూర్చుంటుంది.

ఈ ఆదివారం గ్రీమ్స్‌పేటలో
హయాత్ బాషా షెడ్డు ముందు ఆపినాను.
"రోంత చూడప్పా."
అతను చూడలేదు. తలుపుకి చెవి ఆనించి
పిడిని రెండుసార్లు తిప్పి
"దీనికీ తాళానికీ మాటల్లేవు మేడమ్" అన్నాడు.

నూనె పేలిక ఒకటి పిడి వెనక్కి దూర్చి
అటూ ఇటూ లాగినాడు, బూటు తుడిచినట్టు.
లాడం లాంటి క్లిప్పు ఎగిరి
నా చెప్పు పక్కన పడింది.
"పట్టుకోండి. అది పోతే ఊర్లో దొరకదు."
ఆ తర్వాత నా పని అదే,
గుప్పిట్లో క్లిప్పుతో నిలబడడం.

అట్ట ఊడింది.
తలుపు కడుపులో
అయిదు పైసల బిళ్ళ,
చీమలు అక్షరాలు తినేసిన మండీ చీటీ,
ఒక జడపిన్ను,
కారు ఎక్కిదిగిన ఘాట్లన్నిటి దుమ్ము.

హయాత్ టార్చి వేసి ఆగిపోయినాడు.
"ఇది చెడిపోలే మేడమ్. కట్టేసినారు."

పిడినుంచి కడ్డీని విడదీసి
చట్రానికి రాగితీగతో బిగించి
నాలుగు మెలికలు. నాలుగూ ఎడమకే.
"మా దొరసామి మేస్త్రి చెయ్యి ఇది.
కుడి బొటనవేలు లేదాయనకి, లేత్ మిషను తినేసింది.
ఊరంతటికీ కుడిమెలిక. ఆయనొక్కడిదే ఎడమ."

మొదలారి మనవడికి ఫోను చేసినాను.
కాసేపు గమ్మునుండి, అప్పుడన్నాడు:
మా చిన్నత్త. మొగిలి ఘాటు, రెండో మలుపు.
ఆరేళ్ళు దానికి. తలుపుకానుకొని నిద్రపోతూ
చెయ్యి పిడికి తగిలి...
ఏం కాలేదులెండి. పొదలో పడింది,
మోచేతికి కుట్లు, అంతే.
ఇప్పుడు వేలూరులో లెక్కల టీచరు.
తాత మాత్రం ఆ రాత్రే
మేస్త్రి ఇంటి తలుపు కొట్టినాడంట.
మాకెవరికీ చెప్పలేదు.

చట్రమంతా తుప్పు.
ఆయన భయం మాత్రం రాగిది,
రోంత పచ్చబడి ఊరుకుంది.

"విప్పేదా, ఉంచేదా?"
హయాత్ చేతిలో ప్లయరు గాల్లోనే ఉంది.
నాకు వెంటనే నోరు రాలేదు.
టీ అంగడి బెంచీ మీదినుంచి మా అక్క:
"విప్పు నాయినా, నాకు అరవై రెండు."

కత్తిరించలేదు అతను.
ఒక్కో మెలికా వెనక్కి తిప్పినాడు,
పెదవులు కదుపుతూ,
ఆయనకీ తనకీ ఏదో బాకీ ఉన్నట్టు.
అరిగిన బుష్షు బదులు
పాత టూత్‌బ్రష్షు కాడ కోసి
కాల్చిన మేకుతో బొక్క పెట్టి తొడిగినాడు.
నూటయాభై అడిగినాడు. క్లిప్పు నా గుప్పిట్లోనే ఉందని
ఇద్దరికీ చివర్లో గుర్తొచ్చింది.

అక్క కూర్చొని లోపలినుంచి తిప్పింది.
ఠక్.
మూసింది. మళ్ళీ. ఠక్.
"చాలు తల్లీ, మళ్ళీ అరుగుతుంది" అని
హయాత్ మొత్తుకునేదాకా.

ఇంటికొస్తూ మురకంబట్టు మలుపులో
అద్దంలోకి చూసినాను.
అక్క చెయ్యి పిడి మీద లేదు,
రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, జాగ్రత్తగా.
నేను గేరు దించినాను.

తీగ ముందు అరలో వేసినాను.
మలుపు తిరిగిన ప్రతిసారీ
మూతకి తగిలి
చిన్నగా అడుగుతుంది.