పొట్ట ఆనించి

ఆ ఏడు మబ్బులు సోమిడి దాకా వచ్చి
ఎవరో కేకేసినట్టు వెనక్కి మళ్లినయి.
నక్కలగుట్ట సందుల్లో మేం పోరగాండ్లం
రోకలికి వేపమండలు చుట్టి
నడుమ ఒక కప్పను కట్టి
ఇంటింటికీ తిప్పినం.
గడప గడపకూ చెంబెడు నీళ్లు దాని మీద.
మా గడప కాడ అమ్మ
బిందె వంచి, అడుగున మిగిలిన నీళ్లు పోసింది.
"కట్టు వదులు చెయ్యిండ్రి, సస్తది" అని తిట్టింది.
అంత నీళ్లల్ల తడిసినా
కప్ప ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.
పొగరనుకున్నం.

పదమూడేండ్లకు హన్మకొండల,
జంతుశాస్త్రం ప్రాక్టికల్ గదిలో
అటెండరు ఓదెలన్న చెప్పిండు:
"గిది నోటితోని తాగదు బిడ్డా.
తడినేల దొరికితే తొడలు పరిచి కూసుంటది, సూడు.
కడుపే దానికి నోరు."
ఓదెలన్న చదివింది ఐదో తరగతి.
వడ్డేపల్లి చెరువు కింది మడుల్లో
ముప్పై ఏండ్లు టార్చిలైటు పట్టుకొని తిరిగినోడు.
ఉప్పునీళ్ల తట్టలో ఒకదాన్ని వదిలి చూపిండు కూడా:
కూర్చోబోయింది, పొట్ట ఆనించింది,
చురక తగిలినట్టు లేచి నిలబడ్డది.

మిగిలింది పుస్తకంలో ఉంది.
చెరువు నీళ్లు పల్చన, కప్ప నెత్తురు చిక్కన.
నీళ్లు పిలవకున్నా లోపలికొస్తయి,
ఉప్పు ఆపకుంటే బయటికి పోతది.
అందుకని తోలుకు సెలవు లేదు.
ఉందో లేదో అన్నంత ఉప్పున్న నీళ్లలోంచి
రవ్వ రవ్వ ఏరి
లోపలికి చేరేస్తది,
మెట్లెక్కి బస్తా మోసినట్టు.

బస్తా దగ్గర నా పెన్ను ఆగింది.

ఎనుమాముల యార్డుల మా అమ్మ
మిరపకాయ కుప్పలు ఎత్తేది.
ఏప్రిల్ సాయంత్రాలు ఇంటికొస్తే
రవిక వీపు మీద తెల్లటి గీతలు,
ఎండుతున్న కుంట ఒడ్డు మీద
నీళ్లు దిగిపోయిన జాడల్లాగ,
ఒకదాని కింద ఒకటి.
మనిషి తోలు కూడా
కొంత ఉప్పును వెనక్కి గుంజుకుంటదట.
కొంతే.
అమ్మ గంజిలో ఉప్పురాయి వేసుకొని
నిలబడే తాగేది.
కూర్చుంటే మళ్ల లేవలేనని.

ఆ రోజు సూది గుచ్చింది నేనే, తల వెనుక.
పొట్ట తోలు రూపాయి బిళ్లంత కోసి
రెండు గాజు గిన్నెల నడుమ బిగించినం.
ఇటు ఉప్పునీళ్లు. అటూ అవే, అంతే.
మీటరు ముల్లు కొంచెం వణికి
పక్కకు జరిగింది.
కప్ప బేసిన్లో ఉంది, గుడ్డ కింద.
తోలు మాత్రం
బయటివైపు ఉప్పును లోపలివైపుకు
పంపుతనే ఉంది.
పదకొండున్నర, ఒంటిగంట.
కరెంటు పోయి, ముల్లు పడిపోయింది.
గంటకు వచ్చినంక చూస్తే
మధ్యలో అది ఆగనేలేదని తెలిసింది.
నాలుగయ్యింది. ఇంకా.
లోపలంటూ ఏం మిగిలిందని?
ఎవరి నెత్తురు కోసం?
రికార్డు పుస్తకంలో
ఆ ప్రశ్నకు గడి లేదు.
ఓదెలన్న గిన్నెలు కడగడానికి వచ్చి
కాసేపు ముల్లు వైపే చూసి
"దానికెవ్వలు చెప్పలేగద" అని
నల్లా తిప్పిండు.

ఆ రాత్రి అమ్మ పడుకున్నంక
రవిక నేను పిండిన.
మొదటి నీళ్లు మిరప ఘాటుకు తుమ్ములు తెచ్చినయి,
గోడ అవతల పారబోసిన.
రెండోవి, మూడోవి
బండ పక్క మట్టిలో.
బల్బు వెలుగుకు పురుగుల కోసం వచ్చిందో ఏమో,
గోడవార నుంచి ఒక కప్ప,
రెండు గెంతులు, ఆగి, ఇంకొకటి.
మా అమ్మ వీపు కడిగిన తడి మీద
తొడలు పరిచింది.
పొట్ట ఆనించింది.

లేస్తదేమోనని
బకెట్టు పట్టుకొని అట్లనే నిలబడ్డ.

లేవలేదు.