జానెడు

ఉలాన్‌బాతర్‌లో ఫిబ్రవరి.
బొగ్గుపొగలో ఎదుటి భవనం సగమే ఉంది.
యూనివర్సిటీ క్లినిక్‌లో నా కుర్చీ కిటికీ పక్కన,
చలి దూరే సందులకి నేనే టేపు అంటించాను.

పదకొండో నంబరు.
పేరు దుల్గూన్, గనుల ఇంజనీరింగు, రెండో ఏడు.
తలనొప్పి. మెడ పట్టేసింది. కళ్ళల్లో ఇసుక.
"ఇసుకగాలుల్లో పెరిగినవాణ్ణి అక్కా,
ఇది ఆ ఇసుక కాదు."

గోడ మీది అక్షరాల్లో మూడో వరుస దగ్గర ఆగిపోయాడు.
నాలుగోది ఊహించి చెప్పాడు. తప్పు.
పదేళ్ళప్పుడు అవతలి కొండ మీద గుర్రాల్ని లెక్కపెట్టేవాడట,
వాళ్ళ నాన్న బూడిదరంగు గుర్రాన్ని
చెవులు కదిపే తీరుబట్టి పోల్చుకునేవాడట.
నేనడగలేదు. తనే చెప్పాడు,
అక్షరాలకి సంజాయిషీ ఇస్తున్నట్టు.

ఫోను ఎంత దూరంలో పెట్టుకుంటావు?
బొటనవేలూ చిటికెనవేలూ సాచి చూపించాడు.
జానెడు.

ఎన్ని గంటలు?
లెక్క ఫోనే రాసిపెట్టింది.
నిన్న, తొమ్మిది గంటల నలభై నిమిషాలు.
పరీక్షలో వచ్చిన మార్కుల్లా చూపించి
అంతలోనే బోర్లించేశాడు.

ఏం చూస్తావు అన్నాను.
చెవులు ఎర్రబడ్డాయి.
పాడువేం కాదట. ఎక్కడో సముద్రాలవతల
ఎవడో గొర్రెల బొచ్చు కత్తిరిస్తుంటాడు,
ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి,
తెల్లవారుజాము నాలుగింటి దాకా.
"ఇంట్లో అదే పని చెప్తే
మోటారుసైకిలెక్కి పారిపోయేవాణ్ణి."
ఇద్దరం నవ్వాం. అతను ముందు ఆపేశాడు.

పోయిన వారం సొలొంగో అనే అమ్మాయి వచ్చింది.
కుడిచేతి బొటనవేలు మడత పడటం లేదు,
మడిస్తే టక్కుమని చప్పుడు.
ఆ వేలితోనే వింటినారి లాగే తాతల మనవరాలు.
గురుదక్షిణ అని ఎవరూ నోరు తెరిచి అడగలేదు.
కట్టు కడుతుంటే ఎడమచేత్తో తిప్పుతూనే ఉంది.

నేను మందలించను. ఏ మొహంతో?
మొన్న రాత్రి బస్సులో తల దించాను,
ఎత్తేసరికి మా స్టాపు దాటి మూడు స్టాపులు.
మంచులో నడిచొచ్చాను, చేతిలో అది వెలుగుతూనే ఉంది.

కాగితంలో 'కారణం' అన్న గడి వేలెడంత.
'కళ్ళు పొడిబారడం' అని రాస్తే నిండిపోయింది.
నిద్ర, తిండి, మధ్యాహ్నం రెండింటికి తాగే మొదటి టీ,
వెళ్ళని క్లాసులు,
అవన్నీ అంచుల్లో ఇరికించబోతే పెన్ను గడ్డకట్టింది.

చుక్కలు ఇచ్చాను. పన్నెండులోపు పడుకో అన్నాను.
ఇరవై నిమిషాలకోసారి తలెత్తి
దూరంగా ఉన్నదేదైనా చూడు.

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు.
గోటితో మంచు గీకి
నాణెమంత సందు చేసి కన్ను ఆనించాడు.
చాలాసేపు.
"దూరం ఎక్కడుందక్కా ఇక్కడ?"

పొగ వెనక ఏదో కదిలింది.
బండి అన్నాను. మనిషేమో అన్నాడు.
పంతానికి ఇద్దరం వంతులవారీగా చూశాం,
తేలలేదు.
చుక్కలసీసా బల్ల మీద మరిచిపోయి వెళ్ళాడు.

పన్నెండో నంబరు!
మూడుసార్లు పిలిచాను.
ఎదురు కుర్చీలోనే కూర్చుని ఉంది.